పాత కథను ఈ కాలానికి మార్చి తీయొచ్చా? ‘దిద్దుబాటు’తో మా అనుభవం

ఒక పాత తెలుగు కథను ఈ కాలంలో పెట్టి షార్ట్ ఫిల్మ్ తీయాలనుకుంటున్నానని, ఎంతవరకు మార్చొచ్చో, మార్చితే మూలాన్ని పాడుచేసినట్టు అవుతుందేమోనని అడిగారు. మేం నలుగురు స్నేహితులం విశాఖలో గురజాడ ‘దిద్దుబాటు’ను 14 నిమిషాల సినిమాగా తీశాం. మొదట రాసుకున్న స్క్రిప్టు మొత్తం పారేసి మళ్లీ రాశాం. ఆ పారేసిన దాని గురించే ముందు చెప్తాను.

కథ గుర్తులేనివాళ్ల కోసం రెండు మాటలు. 1910లో వచ్చిన కథ ఇది. గోపాలరావు ఆడవాళ్లు చదువుకోవాలని నమ్మే మనిషి. సానిపాట, అంటే వేశ్య పాటకచేరి, విని రాత్రి ఒంటిగంటకు ఇల్లు చేరేసరికి భార్య కమలిని ఉండదు, ఆమె రాసిన ఉత్తరం ఉంటుంది. నౌకరు రాముణ్ణి కొడతాడు, వెంటనే జాలిపడతాడు. ఇక ఎప్పుడూ సానిపాటకు వెళ్లనని, కమలినిని ఎలాగైనా తీసుకురమ్మని వాణ్ణే బతిమాలుతాడు. అప్పుడు మంచం కింద నుంచి నవ్వు, గాజుల చప్పుడు వినిపిస్తాయి.

మా మొదటి స్క్రిప్టులో సానిపాట తీసేసి పబ్ పెట్టాం. ఈ కాలానికి అదే సరిపోతుందనుకున్నాం. చదివినవాళ్లంతా తాగుడు మానమని చెప్పే ప్రకటనలా ఉందన్నారు. నిజంగానే అలా ఉంది. అప్పుడు మళ్లీ మూలకథ తీసి, కమలిని ఉత్తరాన్ని నెమ్మదిగా చదివాను. అందులో ఆమె ఎత్తిచూపేది అబద్ధాన్ని. మీటింగులకు వెళ్తున్నానని, లోకం మేలు కోసం నిద్ర మాని పనిచేస్తున్నానని అతను చెప్పాడు. నలుగురికీ మంచి చెప్పే మనిషి ఇంట్లో అబద్ధం చెప్పాడు, తను కోరిన చదువే అతన్ని పట్టించింది. కథ నిలబడింది దాని మీద. సానిపాట ఆ రోజుల్లో అందరికీ అర్థమయ్యే కారణం, అంతే.

అది తెలిశాక మిగతాదంతా మారిపోయింది. మా గోపాలరావు యూట్యూబ్‌లో పొదుపు గురించి, అప్పులు చేయకుండా బతకడం గురించి చెప్పే కుర్రాడు. రాత్రుళ్లు గది తలుపు వేసుకుని ఆన్‌లైన్ బెట్టింగ్ ఆడతాడు. భార్యకు చెప్పేది మాత్రం అదే మాట, ‘మీటింగ్ ఉంది, అమెరికా వాళ్ల కాల్’. నూరేళ్లు దాటినా ఆ ఒక్క మాటను మార్చాల్సిన అవసరం రాలేదు. ఆ సంగతి గమనించిన రోజు నాకు గురజాడ మీద ఎంత గౌరవం పెరిగిందో చెప్పలేను.

మీకు అసలు టెన్షన్ పెట్టేది ఫోన్. పాత కథలు చాలావరకు ఒక మనిషి ఎక్కడున్నాడో ఇంకొకరికి తెలియకపోవడం మీద నడుస్తాయి. ఉత్తరం వాట్సాప్ మెసేజ్ అయితే గోపాలరావు వెంటనే ఫోన్ చేస్తాడు, రెండు నిమిషాల్లో కథ అయిపోతుంది. ఉత్తరానికి ఉన్న బలమే అది, చదివేవాడు ఒంటరిగా చదవాలి, అప్పటికప్పుడు ఎదురు చెప్పడానికి లేదు. అందుకని కాగితం మీదే రాయించి, దాని మీద ఆమె ఫోన్ పెట్టించాం. అతను కంగారుగా కాల్ చేస్తే ఎదురుగా బల్లమీదే మోగుతుంది. ప్రదర్శన రోజు హాల్లో అందరూ ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది అక్కడే.

ఇంకో చిక్కు మేం ఊహించలేదు. ఇప్పటి ఇళ్లలో మంచాలు బాక్స్ కాట్లు, కింద దూరడానికి చోటుండదు! కమలినిని బాల్కనీలో ఆరేసిన దుప్పటి వెనక నిలబెట్టాం. గాజుల చప్పుడు వదిలేశాం, నవ్వు ఉంచాం.

రాముడి బదులు అపార్ట్‌మెంట్ వాచ్‌మన్. ఆ చెయ్యి చేసుకోవడం తీసేద్దాం, చూసేవాళ్లకు బాధ కలుగుతుందని ఒకరన్నారు. నేను ఒప్పుకోలేదు. సంస్కారం గురించి మాట్లాడే మనిషి చేతికింద ఉన్నవాడితో ఎలా ఉంటాడో గురజాడ కావాలని చూపించాడు. బాధ కలగాలి. కొట్టడం బదులు కాలర్ పట్టుకుని అరిచేలా తీశాం, అంతవరకే తగ్గించాం.

పెద్ద గొడవ ముగింపు మీద జరిగింది. ఎడిటింగ్ చేసిన అమ్మాయి, ఈ కాలం కమలిని దాక్కోదు, నిజంగానే వెళ్లిపోతుంది అంది. రెండు వారాలు వాదించుకున్నాం. ఆమె మాటలో న్యాయం ఉంది. కానీ కమలిని వెళ్లిపోతే అది వేరే కథ, దానికి ‘దిద్దుబాటు’ అనే పేరు ఉండదు. దిద్దుకోవడానికి అతనికి ఒక అవకాశం ఉండాలి. చివరికి ఆమె నవ్వుతూ లోపలికొచ్చి చెయ్యి చాపుతుంది. అతను అన్‌లాక్ చేసిన తన ఫోన్ ఆ చేతిలో పెడతాడు. అక్కడ ఆపేశాం. ఎడిటర్‌కి ఇప్పటికీ పూర్తిగా తృప్తి లేదు.

మూలం పాడవుతుందని మీరు మరీ భయపడకండి. 1957 నాటి ‘మాయాబజార్’ చూడండి. శశిరేఖ పెళ్లి కథ వ్యాసభారతంలో లేదు, జనం నోళ్లలో, నాటకాల్లో పెరిగింది. కె.వి. రెడ్డి, పింగళి నాగేంద్రరావు దాన్ని తీసుకుని, పాండవులు తెర మీద కనిపించకుండానే పాండవుల ఇంటి పెళ్లి కథ నడిపారు. ఎవరికి ఏది ప్రియమో అదే చూపించే ప్రియదర్శిని పేటికను పెట్టారు. అయినా పరాయిగా అనిపించదు, మన పెళ్లింటి సందడి అందులో ఉంది గనుక.

అయితే అది జనం కథ. ఒక రచయిత కూర్చుని రాసిన కథతో ఇంకొంచెం జాగ్రత్త కావాలి. మన దేశంలో రచయిత చనిపోయాక 60 ఏళ్ల వరకు కాపీరైట్ ఉంటుంది. గురజాడ 1915లో పోయారు కాబట్టి మాకు అడ్డు రాలేదు. మీ కథ రచయిత అంత పాతవారు కాకపోతే హక్కులు ఎవరి దగ్గరున్నాయో కనుక్కోండి, సాధారణంగా కుటుంబం దగ్గరే ఉంటాయి. స్క్రిప్టు రాయకముందే వాళ్లను కలిసి రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. మీరు తీయబోయే కథ ఏదో, అందులో ఏది మార్చాలనుకుంటున్నారో చెప్తే నాకు తోచింది ఇక్కడే రాస్తాను.