అబ్బాయి ఇంటికి వచ్చాక

తమ్ముడూ,

మీ అబ్బాయిని ఎల్లుండి డిశ్చార్జ్ చేస్తారని మరదలు ఫోన్‌లో చెప్పింది. గండం గట్టెక్కిందన్న ధీమా తన గొంతులో వినబడింది. అది వినే నాకు టెన్షన్ పట్టుకుంది. డీఅడిక్షన్ వార్డులో నర్సుగా పనిచేసి రిటైరైన దాన్ని, కాస్త నా మాట విను.

ఇప్పటిదాకా జరిగింది ఒంట్లోంచి హెరాయిన్ దిగడం మాత్రమే. ఒళ్లునొప్పులు, వాంతులు వారం పది రోజుల్లో సద్దుమణుగుతాయి. దాని మీద యావ అంత తేలిగ్గా పోదు. పాత స్నేహితుడి నుంచి ఒక్క ఫోన్ వస్తే చాలు, మనసు అటే లాగుతుంది.

అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. కొన్నాళ్లు మానేస్తే దాన్ని తట్టుకునే శక్తి ఒంటికి తగ్గిపోతుంది. మనసు జారి పాత మోతాదే తీసుకున్నాడనుకో, అప్పట్లో ఓర్చుకున్న ఒళ్లు ఇప్పుడు ఓర్చుకోదు. ఊపిరి ఆగిపోవచ్చు. చికిత్స నుంచో జైలు నుంచో బయటికొచ్చిన మొదటి వారాల్లోనే ఇలాంటి చావులు ఎక్కువ. పైగా బయట దొరికే సరుకులో ఏం కలుపుతారో అమ్మేవాడికే తెలియదు. ఫెంటానిల్ అనే మత్తుమందు అయితే హెరాయిన్ కంటే దాదాపు 50 రెట్లు ఘాటు. ఇదంతా వాడికి ఎదురుగా కూర్చుని చెప్పు. లేనిపోని ఆలోచన మనమే పెట్టినట్టవుతుందేమో అని సందేహించకు. ఆ ఆలోచన వాడికి ఎలాగూ ఉంటుంది.

ఎప్పుడైనా పిలిచినా, తట్టినా లేవకుండా, గరగరమని గురక పెడుతూ, శ్వాసకీ శ్వాసకీ మధ్య చాలాసేపు ఆగుతుంటే అది నిద్ర కాదు. పెదాలు నీలంగా మారాయా, కంటిపాపలు సూదిమొనంత అయ్యాయా చూడు. వెంటనే అంబులెన్స్‌కి ఫోన్ చెయ్యి, పక్కకి తిప్పి పడుకోబెట్టు. నోట్లో నీళ్లు పోయొద్దు. నాలోక్సోన్ అని విరుగుడు మందుంది. ఇంట్లో ఉంచుకునే వీలుందా అని డాక్టర్ని అడుగు. దాంతో లేచి కూర్చున్నా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే. అరగంటా గంటలో దాని పని అయిపోయి ఊపిరి మళ్లీ మందగించవచ్చు.

హెరాయిన్ మీద యావ తగ్గడానికి బ్యుప్రెనార్ఫిన్ అనే మందు రాశారట కదా. "ఒక మత్తు మాన్పించి ఇంకో మత్తా?" అని మీ మామగారు గొణుగుతున్నారని తెలిసింది. ఆయన మీద గౌరవం ఉంది కానీ ఈ విషయంలో ఆయన మాట వినకు. అది 2005 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక మందుల జాబితాలో ఉన్న మందు. బీపీ మాత్రలాగే వేళకి వేసుకోవాలి, డాక్టర్ చెప్పకుండా ఆపకూడదు. దాంతోపాటు నిద్రమాత్రలుగానీ మద్యంగానీ అస్సలు వద్దు.

బంధువుల సంగతంటావా, ఎవరికీ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు. 2022లో ప్రపంచంలో 6.4 కోట్ల మంది మత్తుమందుల జబ్బుతో ఉన్నారని ఐక్యరాజ్యసమితి లెక్క. చికిత్స అందింది 11 మందిలో ఒకరికే. మనవాడు ఆ ఒక్కడు. జేబులు వెతకడం, పాత సంగతులు ఎత్తిపొడవడం మానండి. మళ్లీ తప్పటడుగు వేస్తే అదే రోజు మీతో చెప్పుకోగలగాలి, అంతే. దాచిపెట్టి గది తలుపేసుకున్నవాణ్ణి కాపాడటం చాలా కష్టం.

డిశ్చార్జ్ కాగితాల్లో మళ్లీ ఎప్పుడు రావాలో తేదీ, కౌన్సెలర్ ఫోన్ నంబర్ రాయించుకున్నాకే గేటు దాటండి. ఆదివారం ఫోన్ చేస్తాను, మరదల్ని కూడా పక్కన ఉండమను.

మీ అక్క