కాన్పు తర్వాత జుట్టు రాలితే తప్పు బోరు నీళ్ళదేనా?

కాన్పయి నాలుగు నెలలు, దువ్వితే కుచ్చులు కుచ్చులు ఊడొస్తున్నాయి, మిర్యాలగూడ బోరు నీళ్ళ వల్లేనా, బిడ్డ పుట్టెంటికలప్పుడు నేనూ గుండు చేయించుకుంటే ఒత్తుగా వస్తుందా అని ఒక అక్క అడిగారు.

అక్కా, ముందు ఊడిన ఎంటికను నల్లగుడ్డ మీద పెట్టి వెలుతురులో చూడండి. ఒక కొసన సూదిమొనంత తెల్లటి బుడిపె ఉంటే అది కుదురు నుంచి ఊడింది. బుడిపె లేకుండా, పొట్టిగా ఉంటే మధ్యలో తెగింది. బోరు నీళ్ళు చేసేది ఈ రెండో పని. నీళ్ళలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి తెట్టు కట్టి ఎంటికకు పడతాయి. జుట్టు బిరుసెక్కి, చిక్కుపడి, దువ్వెన పడగానే తెగుతుంది. కాబట్టి తలకు సబ్బు రుద్దొద్దు. కుంకుడు రసానికి ఆ తెట్టు కట్టదు. ఆఖరి రెండు చెంబులు ఫిల్టర్ నీళ్ళు పోసుకోండి. బోరు నీళ్ళు కాచినా సున్నం కొంతే పోతుంది. ఇక నల్లగొండ అనగానే అన్నిటికీ ఫ్లోరైడ్‌ను తిట్టడం అలవాటైంది. దాని దెబ్బ తాగే నీళ్ళతో, పళ్ళకూ ఎముకలకూ. బాలింత జుట్టు లెక్క వేరు.

తల మీద లక్ష ఎంటికలుంటే నూటికి 85-90 పెరుగుతుంటాయి, మిగతావి విశ్రాంతిలో ఉంటాయి. రోజుకు 50-100 రాలడం మామూలే. కడుపుతో ఉన్నప్పుడు ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ పెరిగి, రాలాల్సినవీ ఆగిపోతాయి. కాన్పుతో అది పడిపోగానే అవన్నీ ఒక్కసారే విశ్రాంతిలోకి పోతాయి. ఆ దశ ఇంచుమించు మూడు నెలలు, అది ముగిశాక రాలతాయి, అందుకే ఇప్పుడు ఊడుతున్నాయి. టైఫాయిడ్, డెంగీ తర్వాతా ఇంతే. జ్వరం సంగతి మరిచిపోయాక రాలడం మొదలవుతుంది, అప్పుడు నీళ్ళను తిడతాం.

చాలామందికి బిడ్డ మొదటి పుట్టినరోజుకల్లా సర్దుకుంటుంది. ఈలోగా నూనె సీసాలకు పెట్టే డబ్బుతో హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ), టీఎస్‌హెచ్ (థైరాయిడ్) పరీక్షలు చేయించండి. జుట్టుకని బయోటిన్ అనే విటమిన్ మాత్రలు వేసుకుంటుంటే ల్యాబ్‌లో ముందే చెప్పండి, థైరాయిడ్ లెక్క తప్పు చూపించొచ్చు.

గుండు సంగతి. యాదగిరిగుట్టకో చెరువుగట్టు గుడికో మొక్కుంటే నిండు మనసుతో ఇవ్వండి, అది దేవుడికీ మీకూ మధ్య మాట. ఒత్తుగా రావడానికైతే వద్దు. కత్తి తాకేది చర్మం పైనున్న ప్రాణం లేని ఎంటికనే, కుదురు లోపల భద్రంగా ఉంటుంది. కత్తి కోసిన కొస మొద్దుగా ఉండి చేతికి గరుకుగా తగులుతుంది, దాన్నే ఒత్తు అనుకుంటాం. నెలకు సెంటీమీటరు పెరిగితే భుజాల దాకా రావడానికి రెండేళ్ళు దాటుతుంది. అసలే జడ సన్నబడిందని అద్దం ముందు కుమిలిపోయే బాలింతను "తీసేయ్, మళ్ళ ఒత్తుగ వస్తది" అని ఇంట్లోవాళ్ళు తరమడం నాకు బొత్తిగా నచ్చదు. ఆ జడ ఆమెది.

ఏడాది దాటినా ఆగకపోయినా, రూపాయి బిళ్ళంత నున్నటి మచ్చలు పడినా, పాపిట వెడల్పైనా చర్మ డాక్టర్‌కు చూపించండి. నుదుటి దగ్గర పొట్టి ఎంటికలు లేచి నిలబడుతుంటే అవి కొత్తవి. వాటిని లాగి బిగించి జడ వేయకండి.