కొత్త కాపురం, ఒకటో తరగతి

కొత్తగా పెళ్లయిన ప్రాథమిక పాఠశాల టీచర్లూ, వాళ్లని కట్టుకున్నవాళ్లూ పంపిన ప్రశ్నల్లో కొన్నిటికి ఈసారి జవాబులు.

ప్రశ్న: పెళ్లయి మూడు నెలలు. ఒకటో తరగతికి చెబుతాను. ఇంట్లో కూడా తెలియకుండానే "చేతులు కడిగావా? ఏదీ, చూపించు" అనేస్తున్నాను. మొన్న భోజనాల దగ్గర అందరూ ఒకేసారి మాట్లాడుతుంటే రెండు చప్పట్లు కొట్టి ఊరుకోబెట్టాను. మా ఆయన నవ్వారు, అత్తగారు నవ్వలేదు.

జవాబు: బడిలో రోజుకి ఐదారు గంటలు మీరు మాట్లాడేది ఒకే పద్ధతిలో. ఒకసారికి ఒకే పని, చిన్న వాక్యం, కాస్త పెంచిన గొంతు, చెప్పిందే మళ్లీ చెప్పడం. ఆరేళ్ల పిల్లలకి "పుస్తకం తీసి, తేదీ రాసి, కింద గీత కొట్టండి" అని మూడు పనులు కలిపి చెబితే సగంమంది పుస్తకం తీసి ఆగిపోతారు. అందుకే విడివిడిగా చెప్పడం అలవాటైంది. అదే పెద్దవాళ్లకి చెబితే వాళ్ల చెవికి అధికారంలా వినిపిస్తుంది.

బడి నుంచి రాగానే ఇరవై నిమిషాలు ఎవరికీ ఏ పనీ చెప్పకూడదని నియమం పెట్టుకోండి. బట్టలు మార్చుకోండి, నీళ్లు తాగండి, కావాలంటే గోడవైపు చూస్తూ కూర్చోండి. ఆ తర్వాత కూడా టీచర్ గొంతు బయటికొస్తే ఆయన మాటల్లో ఎత్తిచూపనక్కర్లేదు, చెయ్యెత్తి "మిస్!" అంటే చాలు. వాదన కన్నా ఇది త్వరగా పనిచేస్తుంది. "మూడు లెక్కపెడతాను" అన్న మాటని మాత్రం ఇంట్లో పూర్తిగా మానెయ్యండి. మూడు అయ్యాక ఏం చెయ్యాలో మీకూ తెలియదు.

బడి నుంచి ఇంటికి తెచ్చుకోదగ్గవీ ఉన్నాయి. మేరీ బడ్ రో అనే అమెరికా పరిశోధకురాలు 1970ల్లో తరగతి గదులు గమనించి, టీచర్లు ప్రశ్న అడిగాక సగటున ఒక సెకను మాత్రమే ఆగుతున్నారని తేల్చారు. కనీసం 3 సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పెద్దవయ్యాయి, జవాబే రాని సందర్భాలు తగ్గాయి. "రేపు ఎక్కడికైనా వెళ్దామా?" అని అడిగి, వెంటనే "వద్దులే" అని మీరే జవాబు చెప్పేసుకునే ముందు ఆ మూడు సెకన్లు ఆయనకీ ఇవ్వండి. మెచ్చుకోలు కూడా అంతే. "వెరీ గుడ్" అంటే వెటకారం అనుకుంటారు. "తడి తువ్వాలు నువ్వే ఆరేశావు, నాకో పని తప్పింది" అంటే ఎవరికైనా బాగుంటుంది.

చప్పట్ల సంగతి మీ అత్తగారికి మీరే ముందు చెప్పేయండి, బడిలో అది నోరు పెంచకుండా పిల్లల్ని ఆపే సైగ అని. కారణం తెలియకపోతే మనసులో ఉండిపోతుంది. తెలిస్తే, రేపు ఆవిడే రెండు చప్పట్లు కొట్టి మిమ్మల్ని పిలవచ్చు. అప్పుడు నవ్వాల్సింది మీరు.

ప్రశ్న: పెళ్లి సెలవు అయి బడికి వెళ్లినప్పటి నుంచీ పిల్లల ప్రశ్నలే. "మీ ఆయన మీకు హోంవర్క్ ఇస్తారా?", "ఆయన ఎత్తెంత?", "ఇప్పుడు మీరు ఎక్కడ పడుకుంటారు?" పాఠం సాగడం లేదు.

జవాబు: చివరి ప్రశ్నకి కంగారు పడకండి. ఏడేళ్లవాళ్లకి అది చిరునామా ప్రశ్న. "కొత్త ఇంట్లో" అంటే తృప్తి పడతారు. నిజమైన జవాబు ఒక్క వాక్యంలో చెప్పి వెంటనే పాఠంలోకి వెళ్లండి. "తర్వాత చెబుతా" అంటే మాత్రం రోజుకి పదిసార్లు అడుగుతారు. అప్పటికీ ఆగకపోతే ఒక డబ్బా పెట్టండి. ప్రశ్న అడగాలంటే చీటీ మీద రాసి వెయ్యాలి, వారం చివర రెండు చీటీలకే జవాబు. రాయాలనేసరికి సగం ప్రశ్నలు వాటంతటవే పోతాయి, మిగతావాళ్లకి రాత అభ్యాసం. ఫోనులో పెళ్లి ఫొటోలు చూపించాలనుకుంటే రెండు ప్రింట్లు తీసుకెళ్లండి, ఫోను చేతికివ్వకండి. మూడో ఫొటో దగ్గర చిన్న వేళ్లు ఎటు జారతాయో చెప్పలేం. మీరు తరగతిలో చెప్పింది సాయంత్రానికి తల్లిదండ్రులకి చేరుతుంది, కొత్త రూపంలో.

ప్రశ్న: నా భార్య రెండో తరగతి టీచర్. రోజూ ఒక సంచి నోటుబుక్కులు ఇంటికొస్తాయి. రాత్రి పది వరకూ దిద్దుతూనే ఉంటుంది. నేను కొన్ని దిద్దిపెట్టొచ్చా?

జవాబు: దిద్దకండి. పిల్లలకి తమ టీచర్ టిక్కు ఎలా ఉంటుందో మీకన్నా బాగా తెలుసు. పైగా ఎవరు ఎక్కడ తప్పుతున్నారో టీచర్‌కి తెలిసేది ఆ దిద్దుబాటులోనే. పిల్లల మార్కులు బయటివాళ్లు చూడటమూ సరికాదు, మీరు ఇంటివారే అయినా.

ముందు లెక్క చూడండి. 36 పుస్తకాలు, ఒక్కోటి రెండు నిమిషాలు అంటే 72 నిమిషాలు. రెండు సబ్జెక్టులైతే దాదాపు రెండున్నర గంటలు. ఇది ఓపిక పెంచుకుంటే తీరేది కాదు, పద్ధతి మార్చాలి. ఆవిడకి ఈ మార్పులు చూపించండి. మొదట ఆరు పుస్తకాలు, బాగా చదివేవారివి రెండు, మధ్యస్థంవి రెండు, వెనకబడినవారివి రెండు తీసి చూస్తే తరగతి మొత్తం చేసే తప్పు బయటపడుతుంది. దాన్ని పుస్తకాల్లో 36 సార్లు ఎర్రసిరాతో రాసేకన్నా మర్నాడు బోర్డు మీద ఒకసారి చెప్పడం మేలు. రోజుకి 12 పుస్తకాలు క్షుణ్ణంగా, మిగతావి పైపైన. మూడు రోజుల్లో అందరి వంతూ అవుతుంది. పిల్లలు రాస్తున్నప్పుడు బల్లల మధ్య తిరుగుతూ అక్కడికక్కడే దిద్దినవి ఇంటికి రావు. ఇంట్లో అలారం 40 నిమిషాలకి పెట్టి, అది మోగగానే సంచి కట్టెయ్యాలి. ఆవిడ బడి నియమం ప్రతి పుస్తకమూ రోజూ దిద్దాలంటే మాత్రం ముందుగా ఆవిడ ప్రధానోపాధ్యాయులతో మాట్లాడుకోవాలి.

మీరు చేయగల పనులు చాలానే ఉన్నాయి. పుస్తకాలు వరస నంబర్ల ప్రకారం పేర్చి, దిద్దాల్సిన పేజీ తెరిచి ఒకదానిమీద ఒకటి పెట్టండి. ఇక చార్టుల కత్తిరింపు, లామినేషన్. కొత్తవాళ్లు తప్పు చేసేది ఇక్కడే. కార్డులు ముందే కత్తిరించి, లామినేషన్ అయ్యాక కాగితం అంచుదాకా మళ్లీ కోసేస్తారు. అంచు మూత విడిపోయి, పిల్లలు వారంలో గోటితో ఒలిచేస్తారు. కాగితం చుట్టూ కనీసం 3 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ మిగలాలి. లామినేషన్ సంచీని, అంటే కాగితం పెట్టే ప్లాస్టిక్ కవరుని, మూసివున్న వైపు నుంచే మెషీన్‌లోకి పంపాలి, లేకపోతే ముడత పడి ఇరుక్కుంటుంది. 80 మైక్రాన్ల మందం సంచి గోడ మీది చార్టుకి చాలు. చేతులు మారే కార్డులకి 125 తీసుకోండి, మూలలు గుండ్రంగా కోయండి.

మంచం మీద దిద్దడం ఇద్దరూ ఒప్పుకోకండి. దుప్పటి మీద ఎర్రసిరా గురించి కింద వేరే ప్రశ్న ఉంది.

ప్రశ్న: చెప్పుకోవడానికే సిగ్గుగా ఉంది. పెళ్లయిన నెలన్నరకి ఇద్దరికీ తల దురద. చూస్తే పేలు. నా తరగతి నుంచే వచ్చాయని మా ఆయన, ఆయన నుంచే అని నేను.

జవాబు: విచారణ ఆపండి, తేలదు. తొలిసారి పేలు పట్టినవాళ్లకి దురద మొదలవడానికే 4 నుంచి 6 వారాలు పట్టవచ్చు. పేలు ఎగరవు, గెంతవు. తల తలకి తగిలితే పాకుతాయి. ఒకే పుస్తకం మీద పిల్లతో పాటు మీరూ తల వంచితే దారి దొరికినట్టే. అపరిశుభ్రతకీ దీనికీ సంబంధం లేదు. అయినా ఈరుని పేను చేసి, పేనుని పెరుమాళ్లు చేసినట్టు ఇల్లంతా మందు కొట్టనక్కర్లేదు. తల వదిలిన పేను ఒకటి రెండు రోజులకి మించి బతకదు.

ఇద్దరూ ఒకే రోజు మొదలుపెట్టాలి. ఒకరు చేసుకుని మరొకరు వారం తర్వాత చేసుకుంటే వాటికి ఇల్లు మారినట్టే అవుతుంది. తల తడిపి కండిషనర్ బాగా పట్టించండి, పేలు కదలలేవు. జుట్టు పాయలుగా విడదీసి, సన్నటి పళ్ల పేల దువ్వెనని మాడు నుంచి చివరిదాకా లాగండి. లాగిన ప్రతిసారీ తెల్ల కాగితం మీద తుడిచి చూడండి. ఒత్తు జుట్టుకి అరగంట పైనే పడుతుంది. మూడు రోజులకోసారి, కనీసం రెండు వారాలు చేయాలి. ఈరు పొదగడానికి 7 నుంచి 10 రోజులు కాబట్టి మధ్యలో ఆపితే మళ్లీ మొదటికే వస్తుంది.

మందు వాడేటట్టయితే 1 శాతం పెర్మెత్రిన్ లోషన్ మామూలుగా ఇచ్చేది. అది ఈళ్లన్నిటినీ చంపదు కనుక తొమ్మిదో రోజు ప్రాంతంలో రెండోసారి పెట్టాలి. ఈ రెండోసారి మరిచిపోతే మొదటిసారి పెట్టింది వృథా కావచ్చు. గర్భం ఉండే అవకాశం ఉంటే ముందు డాక్టర్నడగండి. కిరోసిన్ జోలికి అసలు పోవద్దు, మంటలు అంటుకుంటాయి, చర్మం కాలుతుంది. గత రెండు రోజుల్లో వాడిన దిండు గలీబులు, తువ్వాళ్లు 60 డిగ్రీల వేడినీళ్లలో ఉతికితే చాలు.

బడిలో జుట్టు ముడి వేసుకోండి. పిల్ల పక్కన వంగకుండా మోకాళ్ల మీద కూర్చుని మాట్లాడండి. కొత్త దంపతులు ఒకరి తలలో ఒకరు అరగంట చూసుకోవడం శృంగారం కిందికి రాకపోవచ్చు గానీ, ఆ అరగంటలో ఫోను పట్టుకునే చెయ్యి ఖాళీగా ఉండదు.

ప్రశ్న: నేను మూడో తరగతి మాస్టారిని. ఇంటికొచ్చేసరికి గొంతు పోతోంది. అడిగినదానికల్లా తల ఊపుతుంటే మా ఆవిడ అలిగానని అనుకుంటోంది.

జవాబు: గుసగుసగా మాట్లాడి సర్దుకుంటున్నారేమో, అది విశ్రాంతి కాదు. చాలామందికి గుసగుసలోనూ స్వరపేటిక బిగుసుకుంటుంది. తక్కువ గొంతుతో మామూలుగా మాట్లాడండి, లేదా పూర్తిగా ఊరుకోండి. మాటిమాటికీ గొంతు సవరించుకోవద్దు, స్వరతంతువులు ఒకదానికొకటి గట్టిగా కొట్టుకుంటాయి. బదులు ఒక గుక్క నీళ్లు మింగండి. నీళ్లు రోజంతా కొద్దికొద్దిగా తాగాలి. సాయంత్రం ఒకేసారి లీటరు తాగితే పగలు ఎండిన గొంతుకి ఒరిగేదేమీ లేదు.

అసలు చికిత్స తరగతిలోనే ఉంది. గది చివర ఉన్నవాణ్ణి బల్ల దగ్గర నుంచి కేకెయ్యకుండా నడిచి వెళ్లండి. నిశ్శబ్దానికి చెయ్యెత్తడమో, లయగా కొట్టే చప్పట్లో పెట్టుకోండి. ఫ్యాను హోరు మీద, ఆటస్థలంలో గొంతెత్తకండి, ఈల వాడండి. ఇంట్లో ఒక పలక పెట్టి "అలక కాదు, గొంతు" అని రాసిపెట్టండి. మూడు వారాలకీ బొంగురు తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టరుకి చూపించుకోవాల్సిందే.

ప్రశ్న: ఆయన తెల్లచొక్కాకి పర్మనెంట్ మార్కర్, దుప్పటికి ఎర్ర పెన్ను, నా బట్టలకి జిగురు, పరుపంతా గ్లిట్టర్. ఏది ఎలా పోతుంది?

జవాబు: ఏదీ పోకముందు ఇస్త్రీ పెట్టకండి, వేడికి మరక పట్టేస్తుంది. మార్కర్‌కీ, బాల్‌పెన్ను మరకకీ శానిటైజర్ గానీ స్పిరిట్ గానీ వాడండి. ముందు లోపలి కుట్టు దగ్గర ఒక చుక్క వేసి రంగు పోతుందేమో చూసుకోండి. మరక కింద దూది పెట్టి, గుడ్డ వెనకవైపు నుంచి అద్దాలి. రుద్దితే పాకుతుంది. దూది మారుస్తూ ఉండండి, సిరా అందులోకి దిగుతుంది. తెల్ల జిగురైతే మామూలు నీళ్లలో అరగంట నానబెట్టి గీకి, సబ్బుతో ఉతకాలి. స్లైమ్ (జిగురులో బోరాక్స్ పొడి కలిపి చేసే సాగే ఆట ముద్ద) అంటితే వెనిగర్ పోసి ఐదు నిమిషాలుంచండి. బోరాక్స్‌తో బిగిసిన జిగురు పులుపుకి విడిపోతుంది. గ్లిట్టర్‌ని తడిగుడ్డతో తుడవకుండా, ఫ్యాను ఆపి, వెడల్పాటి టేపు చేతికి తిరగేసి చుట్టుకుని అద్దుతూ పోండి. తొంభై శాతం వస్తుంది. మిగతా పది శాతంతో కాపురం చేయాలి.

ప్రశ్న: మా ఆవిడ బడిలో రెండో తరగతి చెబుతుంది. రాత్రి సినిమా పెట్టుకుంటే పేర్లు పడుతుండగానే నిద్రపోతుంది. ఏం చెయ్యను?

జవాబు: సెలవురోజు పొద్దున చూడండి.