రంగం నుంచి నడిచి వచ్చినవారు: యుద్ధకాలంపై పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

రెండో ప్రపంచ యుద్ధకాలంలో, అంటే 1939 నుంచి 1945 వరకు, తెలుగు ఇళ్లలో ఏం జరిగిందని అడుగుతూ వచ్చిన ఉత్తరాల్లో ఐదింటిని ఈ నెల తీసుకున్నాం. మొదటి ప్రశ్నకు ఎక్కువ చోటు ఇచ్చాం. ఉత్తరాంధ్రలో వేల కుటుంబాలకు చెందిన ఆ కథ పాఠ్యపుస్తకాల్లో ఒక్క వాక్యంగానైనా కనిపించకపోవడమే అందుకు కారణం.

ప్రశ్న: మా ముత్తాత రంగంలో ధాన్యం మిల్లులో పనిచేసేవారనీ, యుద్ధం వచ్చినప్పుడు అక్కడి నుంచి నడిచి వచ్చారనీ, ఆయనతో బయల్దేరిన తమ్ముడు దారిలోనే పోయారనీ మా ఇంట్లో చెప్పుకుంటారు. రంగం అంటే ఏ ఊరు? మధ్యలో సముద్రం ఉండగా నడిచి రావడం ఎలా సాధ్యం? (ఒక పాఠకురాలు, టెక్కలి)

జవాబు: మీ ఇంట్లో చెప్పుకునే మాట నిజమే అయి ఉంటుంది. రంగం అంటే రంగూన్, ఇప్పటి యాంగోన్. శ్రీకాకుళం, విశాఖపట్నం, గోదావరి ప్రాంతాల నుంచి కూలికి వెళ్లేవారికి అది పక్క ఊరంత పరిచయమైన పేరు. విశాఖ, భీమునిపట్నం, కాకినాడ రేవుల్లో స్టీమరెక్కితే కొద్ది రోజుల్లో అక్కడ దిగేవారు. కూలీలను కుదిర్చి తీసుకెళ్లే మేస్త్రీ ముందుగా ఇచ్చిన అడ్వాన్సు చేతిలో పడితే ఇంటి అప్పు తీరేది, అక్కడికి వెళ్లాక ఆ అడ్వాన్సు తీరేదాకా మేస్త్రీ చెప్పిందే వేదం. ఓడల్లో బస్తాలు మోయడం, రిక్షా లాగడం, ధాన్యం మిల్లుల్లో పనిచేయడం ప్రధానంగా తెలుగువారి చేతుల్లోనే ఉండేవి. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీదుగా బర్మాలో మనవాళ్లను కోరంగీలని పిలిచేవారు. ఆ పిలుపులో చిన్నచూపు కూడా ఉండేది. 1930 మే నెలలో రేవు కూలీల సమ్మె దగ్గర మొదలైన అల్లర్లలో చనిపోయినవారిలో అత్యధికులు తెలుగువారే. యుద్ధం రాకముందే అక్కడి బతుకు ఎంత ప్రమాదకరంగా ఉండేదో గుర్తుంచుకోవాలని ఈ మాట చెబుతున్నాను.

1941 డిసెంబరు 23న, మళ్లీ 25న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. వీధుల్లో ఆరుబయట నిలబడి ఆకాశంకేసి చూస్తున్నవారు గుంపులు గుంపులుగా చనిపోయారు. రేవు కూలీలు పని వదిలి ఉత్తరాన ఉన్న ప్రోమ్ పట్నం వైపు నడక సాగించారు. కూలీలు లేకపోతే ఓడల్లో సరుకు దిగదు కాబట్టి, ప్రభుత్వం మొదట వారిని దారిలో ఆపి, నచ్చజెప్పి వెనక్కు తిప్పి పంపింది. అలా వెనక్కు వచ్చినవారిలో చాలామంది ఫిబ్రవరిలో రెండోసారి బయల్దేరవలసి వచ్చింది. 1942 మార్చి 8న రంగూన్ జపాన్ వశమైంది. ఓడ టిక్కెట్టు దొరికినవారు, కొనగలిగినవారు అంతకుముందే సముద్రం మీద వెళ్లిపోయారు. మిగిలినవారికి నేలదారే గతి.

ఆ నేలదారులు ముఖ్యంగా రెండు. ఒకటి ప్రోమ్ దగ్గర ఐరావతి నది దాటి, అరకాన్ కొండల మీదుగా వంద మైళ్లకు పైగా నడిచి టౌంగుప్ అనే తీరపు ఊరు చేరడం, అక్కడి నుంచి నాటు పడవల్లో అక్యాబ్, అక్యాబ్ నుంచి చిట్టగాంగ్. రెండోది మాండలే దాకా రైలులోనో బండిలోనో వెళ్లి, చింద్విన్ నది దాటి, సరిహద్దులోని తాము అనే ఊరి మీదుగా ఇంఫాల్, అక్కడి నుంచి దిమాపూర్ రైలు స్టేషను. మొదటి దారిలో కొండల మీద తాగడానికి నీళ్లుండవు, ఉన్నచోట కలరా ఉండేది. రెండో దారిలో మే నెల మధ్య నుంచి వానలు, బురద, జలగలు, మలేరియా. చంకలో పిల్ల, నెత్తిన బియ్యం మూట, చేతిలో సత్తు గిన్నె పెట్టుకుని బయల్దేరినవారు మొదట గిన్నెను, తర్వాత మూటను దారిలో వదిలేస్తూ వచ్చారు. మొత్తం నాలుగైదు లక్షల మంది భారతీయులు ఆ కొన్ని నెలల్లో బర్మా విడిచారు. దారిలో పోయినవారి సంఖ్య వేలల్లోనే. తెల్లవారికి ఒక దారి, నల్లవారికి మరొక దారి కేటాయించారన్న ఆరోపణ అప్పుడే బలంగా వచ్చింది, ఆ వివక్షను కాంగ్రెస్ తీవ్రంగా ఖండించింది.

కాబట్టి మీ ముత్తాత సముద్రం చుట్టూ తిరిగి వచ్చారన్నమాట. చిట్టగాంగ్ లేదా దిమాపూర్ నుంచి కలకత్తాకు, కలకత్తా నుంచి మద్రాసు లైనులో నౌపడాకు రైలు ఉంది. స్టేషనులో దిగి ఇంటికి నడిచే ఆ చివరి కాసిన్ని మైళ్లు ఆయనకు ఎలా అనిపించి ఉంటాయో ఊహించుకోగలం. తర్వాత 1960లలో మరోసారి బర్మా నుంచి తెలుగువారు తిరిగి రావలసి వచ్చింది. విశాఖ కంచరపాలెంలోని బర్మా క్యాంపు ఆ రెండో రాకకు చెందినది, మీ ముత్తాత రాకకు కాదు. ఈ రెండింటినీ కలిపి చెప్పుకోవడం చాలా ఇళ్లలో చూశాను.

ప్రశ్న: విశాఖపట్నం మీద నిజంగానే బాంబులు పడ్డాయా? జపాన్‌వారు మన తీరాన్ని ఆక్రమించాలనుకున్నారా? (ఒక విద్యార్థి, విశాఖపట్నం)

జవాబు: పడ్డాయి. 1942 ఏప్రిల్ 6, సోమవారం. అంతకుముందు రోజు ఈస్టర్ ఆదివారం నాడు జపాన్ ప్రధాన నౌకాదళం కొలంబో మీద దాడి చేసింది. అదే సమయంలో అడ్మిరల్ ఒజావా నడిపిన మరో దళం బంగాళాఖాతంలో సరుకు ఓడలను వేటాడింది. ఆ దళంలోని ర్యూజో అనే విమానవాహక నౌక నుంచి వచ్చిన విమానాలు విశాఖ, కాకినాడ రేవుల మీద బాంబులు వేశాయి. రేవుకు పెద్ద నష్టం కలగలేదు. అసలు నష్టం సముద్రం మీద జరిగింది. ఆ కొద్ది రోజుల్లో ఒజావా దళం ఇరవైకి పైగా ఓడలను ముంచింది, దాంతో మన తూర్పు తీరం వెంబడి ఓడల రాకపోకలు కొంతకాలం స్తంభించాయి.

ఆ దళంతో తీరంలో దిగడానికి సైన్యం లేదు, కనుక అది ఆక్రమణ ప్రయత్నం కాదు. అయితే ఈ సంగతి ఈనాడు మనకు తెలుసు, ఆనాడు ఎవరికీ తెలియదు. ఫిబ్రవరి 15న సింగపూర్ లొంగిపోయింది, మార్చి 23న అండమాన్ దీవులు జపాన్ చేతికి వెళ్లాయి, రంగం నుంచి వచ్చినవారు చూసింది చూసినట్టు చెబుతున్నారు. ఏప్రిల్ 6 తర్వాత విశాఖ జనం బండ్లు కట్టుకుని లోపలి ఊళ్లకు వెళ్లిపోయారంటే అందులో పిరికితనం ఏమీ లేదు. మద్రాసులో ప్రభుత్వమే నగరం ఖాళీ చేయమన్నది. బాంబులు పడితే తప్పించుకుంటాయేమోనన్న భయంతో అక్కడి జంతుప్రదర్శనశాలలోని క్రూరమృగాలను కాల్చి చంపారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం వాల్తేరు నుంచి గుంటూరుకు తరలిపోయింది. విశాఖ బీచ్‌లో జాలారిపేట దగ్గర ఇసుకలోంచి బయటపడిన కాంక్రీటు పిల్‌బాక్సు, అంటే సైనికులు లోపల ఉండి కాల్పులు జరిపే చిన్న గది, ఆ కాలానిదే. అటు వెళ్లినప్పుడు ఒక్క నిమిషం ఆగి, తుపాకీ కోసం వదిలిన ఆ సన్నటి సందులోంచి సముద్రం ఎలా కనిపిస్తుందో చూడండి.

ప్రశ్న: మా పాత ట్రంకుపెట్టెలో మధ్యలో పెద్ద చిల్లు, పైన కిరీటం బొమ్మ, 1943 సంవత్సరం ఉన్న నాణెం దొరికింది. ఇది యుద్ధకాలపు నాణెమని ఒకరు చెప్పారు. యుద్ధానికీ చిల్లుకూ సంబంధం ఏమిటి? (ఒక పాఠకుడు, తెనాలి)

జవాబు: మీకు దొరికింది చిల్లు కానీ. కానీ అంటే అణాలో నాలుగో వంతు, రూపాయిలో 64వ వంతు. అంతకుముందు కానీ నిండుగా, సుమారు 5 గ్రాముల బరువు ఉండేది. తుపాకీ గుళ్లకు, విద్యుత్ తీగలకు రాగి కావలసి వచ్చింది. అందువల్ల 1943 నుంచి సగానికి తక్కువ బరువుతో, నడుమ చిల్లు పెట్టి ముద్రించారు. మన ఇళ్లలో పిల్లల మొలతాడుకు దాన్ని కట్టేవారు. వెండికీ అదే గతి పట్టింది. 1940లో రూపాయిలోని వెండిని పన్నెండింట పదకొండు పాళ్ల నుంచి సగానికి తగ్గించి, పక్కనే కాగితపు రూపాయి తెచ్చారు. జనం పాత వెండి రూపాయిలను దాచుకుని, కొత్తవాటిని చలామణీ చేశారు. ఏ కాలంలోనైనా ఇల్లాలు చేసే పని అదే.

నాణెం చిక్కిపోతే నోట్లు మాత్రం లావయ్యాయి. బ్రిటన్ తన సైన్యం కోసం ఇక్కడ గుడ్డ, ధాన్యం, కలప, తోలు కొనేది. అందుకు డబ్బు ఇక్కడ ఇవ్వకుండా, లండన్‌లో భారతదేశం పేరిట బాకీగా రాసేది. ఆ బాకీపత్రాలను చూపి రిజర్వు బ్యాంకు ఇక్కడ నోట్లు ముద్రించేది. 1939లో దేశంలో చలామణీలో ఉన్న నోట్లు 1945 నాటికి సుమారు ఆరు రెట్లయ్యాయి. సరుకు మాత్రం సైన్యానికి పోయింది. డబ్బు పెరిగి సరుకు తగ్గితే ధరలు ఏమవుతాయో సంతకు వెళ్లేవారికి వేరే చెప్పనక్కరలేదు. యుద్ధం ముగిసేనాటికి బ్రిటన్ మనకు వంద కోట్ల పౌన్లకు పైగా బాకీ పడింది. ఆ బాకీ అసలు రూపం ఇక్కడి ఇళ్లలో తినకుండా మానిన అన్నం, కట్టకుండా మానిన గుడ్డ. ఈ మాటను నేను నొక్కి చెప్పాలనుకుంటున్నాను. యుద్ధ ఖర్చు అంటే ఫిరంగుల లెక్కలే చూపే పుస్తకాల్లో ఈ పద్దు కనిపించదు.

బియ్యం సంగతి వేరుగా చెప్పాలి. యుద్ధానికి ముందు బర్మా నుంచి ఏటా పది లక్షల టన్నులకు పైగా బియ్యం దేశానికి దిగుమతయ్యేది. 1942 మార్చితో ఆ దారి మూసుకుపోయింది. గోదావరి, కృష్ణా డెల్టాల్లో పంట మిగులు ఉన్నా, రంగం బియ్యం మీద ఆధారపడిన మలబారుకు, తిరువాన్కూరుకు, తమిళ జిల్లాలకు ఇప్పుడు డెల్టా ధాన్యమే దిక్కయింది. అలా ప్రభుత్వం ధాన్యం సేకరణకు దిగింది, 1943లో మద్రాసు నగరంలో రేషన్ మొదలై క్రమంగా ఇతర పట్నాలకు పాకింది. కిరసనాయిలు, పంచదార, గుడ్డ, కాగితం, ఇలా ఒక్కొక్కటే కంట్రోలులోకి వచ్చాయి. కాగితం కరువుతో పత్రికలు కూడా పేజీలు తగ్గించుకున్నాయి. అదే ఏడాది బెంగాల్‌లో సుమారు 30 లక్షల మంది ఆకలితో చనిపోయారు. మన దగ్గర అంత ఘోరం జరగలేదు, అయితే కంట్రోలు బియ్యం అన్న మాట మన భాషలో నిలిచిపోయింది.

ప్రశ్న: నిజాం రాజ్యానికి ఈ యుద్ధంతో సంబంధం ఉందా? (ఒక ఉపాధ్యాయుడు, సూర్యాపేట)

జవాబు: ఉంది. 1940లో ఇంగ్లండ్ గగనతలంలో జర్మన్ విమానాలతో పోరాడిన బ్రిటిష్ వైమానిక దళపు 152, 253 స్క్వాడ్రన్లకు హైదరాబాద్ పేరు ఉండేది. జపాన్ సైన్యం 1941 డిసెంబరు 8న మలయాలోని కోట బారు తీరంలో దిగినప్పుడు అక్కడి విమానాశ్రయానికి కాపలాగా ఉన్నవారిలో హైదరాబాద్ పదాతిదళం కూడా ఉంది. అయితే పల్లెకు యుద్ధం లెవీ ధాన్యం రూపంలో వచ్చింది. పండినదాంట్లో ఇంత భాగం ప్రభుత్వం నిర్ణయించిన ధరకు ఇవ్వాలన్నది చట్టం. ఆచరణలో దేశ్‌ముఖుల గాదెలు భద్రంగా ఉండేవి, పటేలు, పట్వారీల లెక్కల్లో బరువంతా చిన్న రైతు మీద పడేది. తిండి గింజలు కూడా కొలిచి పట్టుకుపోతుంటే తిరగబడకుండా ఎవరుంటారు? ఆంధ్ర మహాసభ 1944లో భువనగిరిలో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన జరిగిన తర్వాత ఊరూరా సంఘాలు కట్టి అడ్డుకున్న వాటిలో లెవీ ముఖ్యమైనది. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగే నాటికి ప్రపంచంలో యుద్ధం ముగిసి దాదాపు ఏడాది. తెలంగాణలో అసలు పోరాటం అప్పుడే రాజుకుంది.

ప్రశ్న: మా తాతగారి అన్నగారు సైన్యంలో చేరి తిరిగి రాలేదు. మన సైనికులు ఎక్కడెక్కడ పోరాడారు? ఆయన పేరు ఎక్కడైనా నమోదై ఉంటుందా? (ఒక పాఠకుడు, తాడేపల్లిగూడెం)

జవాబు: 1939 సెప్టెంబరు 3న వైస్రాయి లిన్‌లిత్‌గో ఎవరినీ సంప్రదించకుండా భారతదేశం యుద్ధంలో ఉందని ప్రకటించారు. అయినా నిర్బంధ సైనిక సేవ లేదు, 1945 నాటికి సుమారు 25 లక్షల మంది తమంతట తామే చేరారు. చాలామందిని కదిలించింది నెల జీతం, ఇంటికి వచ్చే మనియార్డరు. మీ దగ్గరి మిలిటరీ మాధవరం వంటి ఊళ్లలో అది తరాల ఆనవాయితీ కూడా. వారు ఎరిత్రియాలోని కెరెన్ కొండల మీద, ఈజిప్టు ఎడారిలో, ఇటలీలోని కసీనో దగ్గర, 1944లో ఇంఫాల్, కొహిమాలలో పోరాడారు. తెలుగువారు ఎక్కువగా చేరిన దళాల్లో మద్రాస్ సాపర్లు ఒకటి. వంతెనలు కట్టడం, శత్రువు పాతిన మందుపాతరలు తీయడం వారి పని. ఇంఫాల్ దగ్గర ఎదుటిపక్షంలో నేతాజీ ఆజాద్ హింద్ ఫౌజ్ ఉంది, అందులోనూ దక్షిణాదివారు ఉన్నారు. క్విట్ ఇండియా ఉద్యమంలో 1942 ఆగస్టు 12న తెనాలిలో పోలీసు కాల్పుల్లో ఏడుగురు చనిపోయిన నాటికి, అదే ప్రభుత్వపు యూనిఫాం తొడుక్కుని వేల తెలుగు యువకులు విదేశాల్లో ఉన్నారు. వీరిలో ఎవరినీ తక్కువ చేసి మాట్లాడడం నాకు ఇష్టం లేదు.

పేరు దొరికే అవకాశం బాగా ఉంది. కామన్‌వెల్త్ యుద్ధ సమాధుల సంఘం చనిపోయిన సైనికుల జాబితాను అందరికీ అందుబాటులో ఉంచింది. భారతీయ సైనికులకు చాలాచోట్ల తండ్రి పేరు, ఊరు, తాలూకా కూడా నమోదై ఉంటాయి. తెలుగు పేర్లను ఆనాటి గుమాస్తాలు చెవికి తోచినట్టు రాశారు కాబట్టి, ఒక్క అక్షరక్రమంతో వెతికి ఆగిపోకండి. వెంకటస్వామిని నాలుగైదు రకాలుగా, ఇంటిపేరు లేకుండా కూడా వెతకండి. ఇంట్లో పాత మనియార్డరు రసీదు గాని, పతకం గాని ఉంటే దాని మీది సర్వీసు నంబరే అన్నిటికంటే నమ్మకమైన ఆధారం. బర్మాలో చనిపోయి సమాధి తెలియని వారైతే, యాంగోన్ దగ్గర టౌక్యాన్‌లో ఉన్న స్మారకం స్తంభాల మీద సుమారు 27,000 పేర్లు చెక్కి ఉన్నాయి, అక్కడ వెతకాలి.

టెక్కలి పాఠకురాలి ముత్తాత తమ్ముడి వంటి కూలీలకు అటువంటి జాబితా ఏదీ లేదు. ఆమె గాని, అటువంటి కుటుంబాలవారు గాని ఆ మనిషి పేరు, ఊరు, రంగంలో చేసిన పని, తిరిగి వచ్చినవారు చెప్పిన దారి రాసి పంపితే, వచ్చే సంచికల్లో ఒక పేజీ వాటికే కేటాయిస్తాం.