మీ అభిప్రాయం మారాలంటే ఏం తెలియాలి?

ప్రశ్న: బీకాం చివరి సంవత్సరం చదువుతున్నాను. ఎంబీఏ ప్రవేశాల కోసం నమూనా ఇంటర్వ్యూకు వెళితే, ‘మీ అభిప్రాయం బలంగా చెప్పారు, ఇప్పుడు ఎదుటి వాదన చెప్పండి’ అన్నారు. నోట మాట రాలేదు. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లంటానని ఇంట్లో కూడా అంటారు. విమర్శనాత్మకంగా ఆలోచించడం నేర్పే కోర్సు ఏదైనా ఉందా? మరో సంగతి. ఎంబీఏ సీటు రాకపోతే డేటా అనలిటిక్స్ కోర్సులో చేరాలనుకుంటున్నాను. నూరు శాతం ప్లేస్‌మెంట్ అసిస్టెన్స్ అని వాళ్ల కరపత్రంలో ఉంది. నాన్నగారేమో బ్యాంకు పరీక్షలు రాయమంటున్నారు. ఏం చేయమంటారు? – ఒక విద్యార్థిని, అనంతపురం

జవాబు: మీరు వేరువేరుగా అడిగిన ఈ రెండు ప్రశ్నలను నేను కలిపే చూస్తాను. ఎదుటి వాదన తట్టకపోవడానికి, కరపత్రాన్ని చూడగానే నమ్మడానికి కారణం ఒక్కటే.

ముందు కోర్సుల సంగతి. తర్కం నేర్పే ఆన్‌లైన్ కోర్సులు చాలానే ఉన్నాయి, చేరితే నష్టం లేదు. కానీ అక్కడ నేర్చుకున్న తర్కదోషాల పేర్లను చాలామంది ఎదుటివారి మాటల్లో తప్పులు పట్టడానికే వాడతారు. తమ మాటలకు అన్వయించుకునేవారు తక్కువ. పైగా ఏ రంగంలోనైనా సరిగ్గా ఆలోచించాలంటే ఆ రంగం కొంత తెలిసి ఉండాలి. బీకాం చదివిన మీకు ఆ పునాది ఉంది. ఆడిటింగ్‌లో వోచింగ్ చదివారు కదా? ఖాతాలో రాసిన ప్రతి పద్దుకూ రసీదో, బిల్లో, ఇంకేదైనా ఆధారమో అడుగుతారు. యాజమాన్యం మంచిదే అయినా అడుగుతారు. మీ అభిప్రాయాలను కూడా అలాగే ఆధారం అడగండి.

1960లో పీటర్ వాసన్ అనే బ్రిటిష్ మనస్తత్వ శాస్త్రవేత్త ఒక ప్రయోగం ప్రచురించాడు. 2, 4, 6 అని మూడు సంఖ్యలిచ్చి, వీటి వెనక ఉన్న నియమం కనుక్కోమన్నాడు. మీకు తోచిన మూడేసి సంఖ్యలు చెప్పండి, అవి నియమానికి సరిపోతాయో లేదో నేను చెబుతాను అన్నాడు. చాలామంది 8, 10, 12 లాంటివి చెప్పారు. సరిపోయింది. 20, 22, 24 లాంటివీ సరిపోయాయి. దాంతో ‘రెండేసి చొప్పున పెరగాలి’ అని ధీమాగా జవాబిచ్చారు. అది తప్పు. సంఖ్యలు వరుసగా పెరుగుతూ ఉంటే చాలు, అంతే నియమం. 1, 2, 50 అని ఒక్కసారి అడిగి ఉంటే బయటపడేది. మొదటిసారే సరైన జవాబు చెప్పినవారు దాదాపు అయిదుగురిలో ఒక్కరే. మిగతావారికి తెలివి తక్కువై కాదు. తమ ఊహ తప్పని తేల్చగల ప్రశ్న వాళ్లు అడగలేదు, అంతే.

ఇప్పుడు ఆ కరపత్రాన్ని ముందు పెట్టుకోండి. ఉద్యోగం వచ్చిన వారి ఫొటోలు, కంపెనీల పేర్లు, అన్నిటికంటే పెద్ద అక్షరాల్లో అత్యధిక ప్యాకేజీ ఉంటాయి. అవన్నీ నిజమే అనుకుందాం. ఆ బ్యాచ్‌లో మొత్తం ఎంతమంది చేరారో ఎక్కడైనా ఉందా? ఇరవై ఫొటోలుంటే, చేరినవారు పాతికమందా, అయిదు వందలమందా అన్నదాన్ని బట్టి అర్థమే మారిపోతుంది. అత్యధిక జీతం ఒక్కరిది. అందరినీ జీతాల వరుసలో నిలబెడితే సరిగ్గా మధ్యలో ఉన్నవారికి ఎంత వచ్చింది? మీరు అడగాల్సింది అది. ఇక ‘అసిస్టెన్స్’ అంటే ఇంటర్వ్యూలకు పంపిస్తామన్న మాటే. ఉద్యోగం ఇప్పిస్తామని వాళ్లు రాయలేదు, మీరు అలా చదువుకున్నారు.

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఏబ్రహాం వాల్డ్ అనే గణాంక శాస్త్రవేత్త అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయంలో ఇలాంటి లెక్కే వేశాడు. యుద్ధం నుంచి తిరిగొచ్చిన విమానాలకు ఎక్కడెక్కడ తూటాలు తగిలాయో చూసి, విమానంలో ఏ భాగం ఎంత సున్నితమైనదో తేల్చాలి. కళ్లెదుట ఉన్నవన్నీ తిరిగొచ్చిన విమానాలే. కాబట్టి వాటి మీద దెబ్బలు తక్కువగా కనిపించే చోటే అసలు ప్రమాదం, అక్కడ తగిలినవి తిరిగి రాలేదు. (ఈ మహానుభావుడు 1950లో ఉపన్యాసాల కోసం మన దేశానికి వచ్చి, నీలగిరి కొండల్లో విమాన ప్రమాదంలో చనిపోయాడు.) కరపత్రంలో ఉన్నవి తిరిగొచ్చిన విమానాలు. ఉద్యోగం రానివారి ఫొటో ఎవరూ వేయరు.

నాన్నగారి సలహానూ ఇదే కొలతతో చూడాలి. మీకు నచ్చని సలహా కాబట్టి దాన్ని ఇంకా గట్టిగా నిలదీయాలనిపిస్తుంది, అది న్యాయం కాదు. బ్యాంకు ఉద్యోగం తెచ్చుకున్న బంధువు ఆయనకు కనిపిస్తారు, ఏళ్లు రాసి మానేసినవారు కనిపించరు. కిందటేడాది ఖాళీలెన్ని, రాసినవారెందరు అని చూడండి. ఆయన వైపు బలమూ ఉంది. ప్రొబేషనరీ ఆఫీసర్ పరీక్షకు సాధారణ వర్గానికి 30 ఏళ్ల దాకా అవకాశం ఉంది, సిద్ధమవడానికి లక్షల ఫీజు అక్కర్లేదు. ఈ మాటలు ఆయన చెప్పకముందే మీరు చెప్పగలిగితే ఇంట్లో సంభాషణ తీరే మారుతుంది.

ఇంటర్వ్యూకు కావలసింది కూడా ఆ నేర్పే. మన ప్రాచీన తర్కశాస్త్రమైన న్యాయదర్శనంలో చర్చను మూడు రకాలుగా చెప్పారు. నిజం తేల్చుకోవడానికి చేసేది వాదం, గెలవడానికి చేసేది జల్పం, తన పక్షమంటూ లేకుండా ఎదుటివారిని ఖండించడమే పనిగా పెట్టుకున్నది వితండం. బృంద చర్చల్లో ఎక్కువగా వినిపించేది జల్పమే.

ఒక అంశం తీసుకుందాం. మహిళలకు ఉచిత బస్సు ప్రయాణం తెలంగాణలో 2023 డిసెంబరులో, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టులో మొదలైంది. మీరు దీన్ని సమర్థిస్తారనుకుందాం. వ్యతిరేకించేవారి మాటను వాళ్లే ‘అవును, మా ఉద్దేశం ఇదే’ అనేలా చెప్పండి చూద్దాం. టికెట్ డబ్బు ప్రభుత్వం ఆర్టీసీకి సకాలంలో చెల్లించకపోతే కొత్త బస్సులు ఎలా కొంటారు, ఆటో డ్రైవర్లు కోల్పోయే ఆదాయం మాటేమిటి, స్తోమత ఉన్నవారికీ ఉచితం ఎందుకు? ఇందులో మొదటి రెండూ లెక్కలతో తేలేవి. మూడోది విలువలకు సంబంధించింది, ఎన్ని లెక్కలు చెప్పినా తేలదు. ఈ తేడాను పైకి చెప్పగలిగితే చాలు, ఎదుట కూర్చున్నవారు మీ మాట శ్రద్ధగా వింటారు. అయితే ‘రెండువైపులా మంచీ చెడూ ఉన్నాయి’ అని తప్పించుకోవద్దు. మీ అభిప్రాయం చెప్పి, ఏం తెలిస్తే దాన్ని మార్చుకుంటారో కూడా చెప్పండి. విశాల దృష్టి అంటే నేను అర్థం చేసుకున్నది ఇదే. అందరికీ తల ఊపడం కాదు.

సాధనకు ఒక నోటుపుస్తకం చాలు. తన సిద్ధాంతానికి విరుద్ధమైన విషయం ఏది కనిపించినా వెంటనే రాసుకునేవాణ్ననీ, అనుకూలమైన వాటికంటే అలాంటివే త్వరగా మరపున పడతాయనీ చార్లెస్ డార్విన్ ఆత్మకథలో చెప్పుకున్నాడు. మీరూ రాయండి. ఈ రోజు తేదీ వేసి, ‘ఈ కోర్సు వల్ల ఏడాదిలో ఉద్యోగం వస్తుందని నాకు ఇంత శాతం నమ్మకం’ అని ఒక అంకె వేయండి. దాని కింద, ఏం తెలిస్తే చేరడం మానేస్తారో రాయండి. విచారించాక కాదు, విచారణకు ముందే రాయాలి. లేకపోతే వచ్చిన ప్రతి సమాధానమూ అనుకూలంగానే కనిపిస్తుంది.

ఆ తర్వాత సంస్థకు వెళ్లి, కిందటి రెండు బ్యాచ్‌ల విద్యార్థుల ఫోన్ నంబర్లు అడగండి. వాళ్లు ఎంచి ఇచ్చిన నంబర్లతో సరిపెట్టుకోకుండా, మాట్లాడిన ప్రతి ఒక్కరినీ ‘మీతో చదివి ఉద్యోగం రానివారు ఎవరైనా ఉన్నారా, వారితో మాట్లాడించగలరా’ అని అడగండి. ఫీజు ఆ తర్వాతే కట్టండి. నంబర్లు ఇవ్వడం కుదరదంటే, ఆ మాట కూడా నోటుపుస్తకంలో రాసుకోండి.