హోర్డింగుల కోసం చాలామంది పోటీపడితే ఎవరికి ఏది ఇవ్వాలో అల్గారిథం ఎలా తేలుస్తుంది?

ఎక్కువ ఇస్తానన్నవాళ్లకే మంచి బోర్డు ఇస్తే చాలు కదా అనిపిస్తుంది. చాలాసార్లు నష్టం అక్కడే మొదలవుతుంది.

ఊహించిన అంకెలతో చూద్దాం. హన్మకొండ చౌరస్తాలో ఒక బోర్డు, కాజీపేట స్టేషన్ దగ్గర ఇంకొకటి ఉన్నాయి. బట్టల షాపు చౌరస్తాకు నెలకు 40 వేలు, కాజీపేటకు 35 వేలు ఇస్తానంది. కోచింగ్ సెంటర్ చౌరస్తాకు 38 వేలు ఇస్తుంది, కాజీపేటకైతే 15 వేలే. చౌరస్తాను బట్టల షాపుకు ఇస్తే మొత్తం 55 వేలు. రెండింటినీ తారుమారు చేసి ఇస్తే 73 వేలు!

రెండింటికైతే చేత్తోనే లెక్కేయొచ్చు. పది బోర్డులకు పదిమంది వస్తే 36 లక్షలకు పైగా పంపకాలు సాధ్యం. అన్నీ చూడకుండానే ఉత్తమమైనదాన్ని పట్టుకునే 'హంగేరియన్ పద్ధతి'ని గణిత శాస్త్రవేత్త హెరాల్డ్ కూన్ 1955లో ప్రచురించారు.

నాకు బాగా నచ్చే విషయం, ఈ లెక్క ధరలను కూడా చెబుతుంది. వాళ్లు ఇస్తానన్నదానికి లోబడి, చౌరస్తా కిరాయి కాజీపేట కంటే 5 వేలకు మించి, 23 వేల లోపు ఎక్కువ పెట్టండి. రెండు బోర్డుల మధ్య తేడా బట్టల షాపుకు 5 వేలే, కోచింగ్ సెంటర్‌కు 23 వేలు. అందుకే బట్టల షాపు తనంతట తానే కాజీపేటను ఎంచుకుంటుంది, కోచింగ్ సెంటర్ చౌరస్తాను వదలదు. ఎవరినీ ఒప్పించే పనే ఉండదు.

మేడారం జాతర రోజులకే కావాలనేవాళ్లు, పక్కన పోటీ షాపు బోర్డు వద్దనేవాళ్లు ఉంటే మాత్రం ఇది చాలదు. అప్పుడు ఇంటీజర్ ప్రోగ్రామింగ్ (ఇలాంటి షరతులను పూర్ణాంకాల లెక్కగా రాసి ఉత్తమ జవాబు వెతికే పద్ధతి) వాడాలి. ఇలాంటి లెక్కలు చేసే గూగుల్ సాఫ్ట్‌వేర్ ఓఆర్-టూల్స్ ఉచితంగానే దొరుకుతుంది, దాంతో మొదలుపెట్టండి.