పాఠకుల సందేహాలు: పాత రైఫిల్ చెక్కకు నూనె పూత

ప్రశ్న: మా నాన్నగారు పంట కావలి కోసం లైసెన్సు తీసుకుని కొన్న 315 బోరు రైఫిల్ ఆయన తదనంతరం నా పేరు మీదికి మారింది. ఎన్నికలు వచ్చినప్పుడల్లా ఠాణాలో జమ చేసి తెచ్చుకోవడంలో చెక్క మీద గీతలు, సొట్టలు పడ్డాయి. అతికించిన చీటీల జిగురు మరకలు పోవడం లేదు. చెయ్యి పట్టే మెడ భాగం నల్లగా జిడ్డుబారింది. మా ఊరి వడ్ల ఆయన అంతా చెక్కి మెలమిన్ పాలిష్ కొడతానంటున్నాడు. ఇంట్లో నేనే బాగుచేసుకోవచ్చా?
(ములుగు జిల్లా పాఠకుడు)

జవాబు: తప్పకుండా చేసుకోవచ్చు. మెలమిన్ మాత్రం వద్దంటాను. అది చెక్క పైన అద్దంలాంటి పొరగా నిలుస్తుంది కాబట్టి టేబుల్‌కు, తలుపుకు బాగుంటుంది గాని, భుజాన వేసుకుని చేను గట్ల మీద తిరిగే వస్తువుకు దెబ్బ తగిలిన చోటల్లా పెచ్చు లేస్తుంది, ఆ ఒక్క చోట అతుకు వేద్దామంటే కలవదు. నూనె పూత అలా కాదు, చెక్కలోకి ఇంకి గట్టిపడుతుంది. గీత పడిన చోట మళ్లీ నాలుగు చుక్కలు రుద్దితే సరిపోతుంది.

ముందుగా తుపాకీలో తూటా లేదని ఒకటికి రెండుసార్లు చూసుకుని, మ్యాగజైన్ (తూటాల పెట్టె), బోల్టు (వెనక్కి లాగే గడియ) తీసి, చెక్కను ఇనుము నుంచి విడదీయండి. మర గాడిలో బిగువుగా కూర్చునే మొన ఉన్న స్క్రూడ్రైవర్‌నే వాడండి, వదులు మొన మర తలను కొరికేస్తుంది. మీ రైఫిల్ లీ ఎన్‌ఫీల్డ్ (పాత బ్రిటిష్ సైన్యపు రైఫిల్) తరహాది కాబట్టి ఇంకొక జాగ్రత్త ఉంది: ముందు చెక్కను తీయకుండా వెనుక బట్టు (భుజానికి ఆనే చెక్క) లోపలి పొడవాటి మరబోల్టును తిప్పితే, ఆ బోల్టు కొస తిరిగి ముందు చెక్కను లోపలి నుంచి చీల్చే ప్రమాదం ఉంది. విడదీసిన ఇనుప భాగాన్ని బీరువాలో పెట్టి తాళం వేసుకోండి. వడ్ల ఆయన సాయం కావాలనుకున్నా చెక్కను మాత్రమే తీసుకెళ్లండి, ఎందుకంటే 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం తుపాకీ మరమ్మతుకు కూడా లైసెన్సు ఉండాలి. మెడ దగ్గర సన్నని పగులు కనిపిస్తే అది పాలిష్‌తో తీరే విషయం కాదు, లైసెన్సున్న తుపాకుల మెకానిక్‌కే చూపించండి.

పాత పూత ఏదో తెలుసుకోవడానికి అడుగున కనబడని చోట దూదితో కొంచెం పాలిష్ స్పిరిట్ అద్ది చూడండి. జిగటగా కరిగితే అది లక్క పాలిష్, అదే స్పిరిట్‌తో, గుడ్డతో మెల్లగా తుడిచేయవచ్చు. కరగకపోతే వార్నిషో, పాత నూనె పూతో అయి ఉంటుంది. వార్నిష్‌కు పెయింట్ రిమూవర్ కావాలి, దాని ఆవిరి మంచిది కాదు గనుక వాకిట్లో, చేతి తొడుగులతో ఆ పని చేయండి. చీటీల జిగురు గోరువెచ్చని నీటిలో తడిపి పిండిన గుడ్డను కాసేపు వేసి ఉంచితే నాని వస్తుంది. మెడ దగ్గరి నలుపు చాలా మటుకు తుపాకీ నూనె, చేతి చెమట కలిసి దిగినదే. సుద్దపొడిని స్పిరిట్‌తో చపాతీ పిండి కంటే పలుచగా కలిపి పట్టించి, ఆరాక దులిపితే పొడి గోధుమరంగుకు తిరిగి ఉంటుంది. ఆ రంగు రావడం ఆగేదాకా రెండు మూడుసార్లు చేయండి. ఇనుప పీచుతో మాత్రం రుద్దకండి. దాని తునకలు చెక్క రంధ్రాల్లో ఇరుక్కుని, తేమ తగలగానే అక్రోటు చెక్కలోని ఒగరుతో కలిసి నల్లని మచ్చలవుతాయి.

సొట్టలను చెక్కించాల్సిన పని లేదు. అక్కడ చెక్క పోలేదు, నార నలిగి అణిగింది అంతే. నూలు గుడ్డను నాలుగు మడతలు పెట్టి తడిపి సొట్ట మీద వేసి, బాగా వేడెక్కిన ఇస్త్రీ పెట్టె మొనను రెండు మూడు క్షణాలు ఆనించండి. చుయ్‌మని ఆవిరి లోపలికి పోయి, అణిగిన నార ఉబ్బి పైకి వస్తుంది. గుడ్డ ఆరిపోకుండా చూసుకుంటూ అయిదారుసార్లు చేస్తే సగానికి పైగా సొట్టలు ఆనవాలు లేకుండా పోతాయి. నార తెగిపోయిన లోతు గాట్లు ఇలా లేవవు, వాటిని వదిలేయండి. నాన్నగారి చేతిలో పడిన గాటు ఒకటి రెండు ఉంటే వస్తువుకు వచ్చే లోటేమీ లేదని నా అభిప్రాయం.

ఒక రోజు ఆరనిచ్చాక గరుకు కాగితం పట్టండి. నేను చేసిన పొరపాటు మీరు చేయకూడదని చెబుతున్నాను: చాలా ఏళ్ల కింద నా ఎయిర్ రైఫిల్ చెక్కను నున్నగా చేయాలన్న ఉత్సాహంలో ట్రిగ్గర్ గార్డు కూర్చునే అంచును కూడా ఒకే ఊపున రుద్దేశాను. బిగించి చూస్తే ఇనుము పైకి, చెక్క కిందికి, మధ్య గోరు దిగేంత మెట్టు. పోయిన చెక్క మళ్లీ రాదు. కాబట్టి ఇనుము ఆనే అంచుల్లోను, లోపలి గాడిలోను, నంబర్లో ముద్రలో ఉన్న చోట, పట్టు కోసం చెక్కిన గళ్ల మీద కాగితం ఆనించవద్దు. ఆ గళ్లకు పాత పళ్ల బ్రష్, స్పిరిట్ చాలు. మిగతా చోట కాగితాన్ని చిన్న చెక్క ముక్కకు చుట్టి, ఎప్పుడూ నార వెంబడే, 180 నంబరుతో మొదలుపెట్టి 240, 320 దాకా వెళ్లండి. ఆపైన తడిగుడ్డతో తుడిచి ఆరనిస్తే చెక్క మీద సన్నని నూగు లేచి చేతికి గరుకుగా తగులుతుంది. దాన్ని అరిగిన 320 కాగితంతో తేలికగా తీసేయండి. రెండు మూడుసార్లు ఇలా చేసిన చెక్క తరువాత మంచుకు తడిసినా గరుకెక్కదు.

ఇక నూనె. వరంగల్, హనుమకొండ పెయింట్ దుకాణాల్లో ‘డబుల్ బాయిల్డ్ లిన్సీడ్ ఆయిల్’ అని అడిగితే ఇస్తారు. అది అవిసె గింజల నూనే, పేరులో కాచినదని ఉన్నా త్వరగా ఆరడానికి లోహపు లవణాలు కలిపినది, కాబట్టి వంటింటి గిన్నెల్లో పోయకండి. తినడానికి అమ్మే గానుగ అవిసె నూనె కూడా ఆరుతుంది గాని రోజుల తరబడి సమయం పడుతుంది. మొదటి పూతకు నూనె, టర్పెంటైన్ సమపాళ్లలో కలిపి గుడ్డతో పట్టించి, పావుగంట ఆగి, పైన తడి కనబడకుండా పొడిగుడ్డతో పూర్తిగా తుడిచేయండి. ఈ తుడవడంలోనే పని అంతా ఉంది. మరునాటి నుంచి టర్పెంటైన్ లేకుండా, అరచేతిలో నాలుగైదు చుక్కలు వేసుకుని, చెక్క వెచ్చబడే దాకా చేత్తోనే రుద్ది, మళ్లీ తుడవాలి. రోజుకొకటి చొప్పున ఆరేడు పూతలైతే కళ్లు చెదిరే మెరుపు రాదు గాని లోపలి చారలు తేలి నిండైన వన్నె వస్తుంది. బట్టు చివరి పలక కింద, లోపలి గాడిలో కూడా పలుచగా పూయడం మరవవద్దు, లేకుంటే తేమ అక్కడి నుంచి ఎక్కి చెక్క వంకర తిరుగుతుంది. వానకాలంలో ఈ పని పెట్టుకోకండి, పూత ఆరదు. ఏప్రిల్, మే ఎండలో ఆరబెడితే చెక్క నెర్రె ఇస్తుంది. దీపావళి తరువాత, సంక్రాంతిలోపు ఇంట్లో నీడపట్టున చేసుకోండి.

నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూలన పడేయవద్దు. ఈ నూనె గాలితో కలిసి గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది, కుప్పగా ఉన్న గుడ్డలో ఆ వేడి బయటికి పోలేక అగ్గిపుల్ల గీయకుండానే మంట అంటుకుంటుంది. ఒక్కొక్కటి విడిగా ఆరుబయట తీగ మీద ఆరవేయండి, లేదా నీళ్ల బకెట్లో ముంచండి.

ప్రశ్న: అవిసె నూనెకు బదులు ఇంట్లో ఉన్న పల్లినూనె గాని కొబ్బరినూనె గాని రాయకూడదా?
(జగిత్యాల పాఠకుడు)

జవాబు: రాయకూడదు. అవి గాలికి గట్టిపడే జాతి నూనెలు కావు. ఎన్నాళ్లైనా జిడ్డుగానే ఉండి, దుమ్ము పట్టి, కొన్నాళ్లకు మక్కిన వాసన వేస్తాయి. అలాగే అవిసె చెట్టు వేరు, అవిసె గింజలు వేరు, పేరు చూసి ఆకు రసాలకు పోకండి.

ప్రశ్న: నా ఎయిర్ రైఫిల్‌కు లిన్సీడ్ నూనె పూసి పది రోజులైనా చేతికి అంటుకుంటూనే ఉంది. ఏం చేయాలి?
(హనుమకొండ పాఠకుడు)

జవాబు: మందంగా పూసి తుడవకుండా వదిలేసి ఉంటారు. పై పొర తోలు కట్టి, కింది నూనెకు గాలి అందడం లేదు. టర్పెంటైన్‌లో తడిపిన ముతక గుడ్డతో ఆ జిగట అంతా రుద్ది తీసేసి, రెండు రోజులు ఆరనిచ్చి, ఈసారి చుక్కల లెక్కన పూయండి.